కూర కోసం మూడు కూజాలు

ఈ లోయ మొత్తంలో నా ముక్కును మించిన ముక్కు ఇంతవరకూ పుట్టలేదు. నా కళ్ళకు గంతలు కట్టి ఒక్క గుక్క వైన్ నోట్లో పోయండి. అది ఏ కొండవాలుదో, తోటలో ఏ వరుసదో, ఆ పళ్ళు కోసినావిడ పొద్దున మొగుడితో పోట్లాడి వచ్చిందో లేదో కూడా చెప్పేస్తాను. పీపాలు చేసేవాణ్ణి కదా, ఓక్ చెక్క పొగా వైన్ ఆవిరీ పీల్చి పీల్చి నా ముక్కు అలా తయారైంది. ఒకసారి నది అవతలి ఒడ్డున ఎవరో సీసా బిరడా తీస్తే, అది ఏ ఏటి వైనో ఇక్కడ నా కొట్టు అరుగు మీద కూర్చుని చెప్పాను. నమ్మకపోతే మీ ఇష్టం.

ఇంత ముక్కున్న పాంక్రాస్ చెబుతున్నాడు కాబట్టి, రూమియూ వాళ్ళింట్లో ఆ వసంతంలో జరిగిన సంగతి మీరు నమ్మొచ్చు. కొంత నేను కళ్ళారా చూశాను. మిగతాది ఆ ఇంటి కోడలు ఒడిల్ చాలా ఏళ్ళ తర్వాత చిక్కుడుగింజలు ఒలుస్తూ చెప్పింది. ఆవిడ చెప్పకుండా గింజలకేసి చూస్తూ ఊరుకున్న చోట్ల నేనే కాస్త అతుకు వేశాను. పీపా చేసేవాడికి సందు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

ఒకరోజు ఒడిల్ ఎప్పట్లాగే మధ్యాహ్నం తిండిబుట్ట తెచ్చి నేలమాళిగ పైమెట్టు మీద పెట్టింది. కింద చీకట్లో లాంతరు వెలుగు కదులుతోంది. చల్లటి తడి వాసన, దాంతోపాటు మూడు తొట్ల వైన్ వాసన మెట్లెక్కి వచ్చి ఆమె మొహానికి తగులుతోంది. అంతకు మించి ఆమె దిగకూడదు. ఆడమనిషి ఊపిరి తగిలితే వైన్ విరిగిపోతుందని ఆ ఇంట్లో నమ్మకం. మా ఊళ్ళో ఏ ఇంట్లోనైనా అంతే. పెళ్ళయిన కొత్తలో తెలియక ఆమె రెండు మెట్లు దిగితే, మామగారు ఎల్జియార్ ఒక్క మాటా అనకుండా చేతిలో ఉన్న కూజాడు వైన్ ఆమె కళ్ళముందే కాలవలో కుమ్మరించాడు. తిట్టినా బాగుండేది.

"బుట్ట పెట్టాను, మావయ్యా."

"చూశాన్లే. నీడ పడుతోంది, పక్కకి జరుగు."

శీతాకాలం పోతూ పోతూ ఉండే రోజులవి. మా దగ్గర మూడు రకాల ద్రాక్ష వేస్తారు. గ్రెనాష్ వెచ్చగా, తియ్యగా, ఒళ్ళున్న వైన్ ఇస్తుంది. సీరా నల్లటి రంగూ మిరియం ఘాటూ ఇస్తుంది. మూర్వెద్ర్ మొండిది, మొదట్లో మొహం ముడుచుకుని కూర్చుంటుంది గానీ వైన్‌కి వెన్నెముక అదే. మూడింటినీ వేరువేరు తొట్లలో పులియబెట్టి, చలి తగ్గేవేళకి ఏది ఎంత కలపాలో తేలుస్తారు. ఆ తేల్చేది ఎల్జియార్ ముక్కు. ఆయన తండ్రి పోయిన దగ్గర్నుంచీ ఆ పనిలో ఇంకో మనిషి వేలు పెట్టలేదు.

గురువారం దళారీ ఆస్ట్రూక్ వస్తాడు. కలిపిన వైన్ రుచి చూసి, నచ్చితే రూమియూ పేరు మీద పీపాలకెత్తి సీసాల వ్యాపారికి పంపిస్తాడు. నచ్చకపోతే ట్యాంకర్ పంపిస్తాడు. ట్యాంకర్‌లోకి ఎక్కిన వైన్‌కి పేరుండదు, ఊరుండదు. పదిమంది వైన్‌తో కలిసి ఎక్కడో పట్నంలో సారాకొట్టు గ్లాసుల్లో తేలుతుంది. ఒకసారి ట్యాంకర్‌కి ఎక్కిన ఇంటిని మళ్ళీ సీసాలోకి తెచ్చినవాణ్ణి నేను చూడలేదు.

ఆ ఏడు ఆస్ట్రూక్ కాస్త ముందుగానే వాకబు మొదలుపెట్టాడు. కేఫేలో పొయ్యి మీద ఎవరిదో ఉన్ని చేతితొడుగు మాడిపోతుంటే, పక్కనే కూర్చున్న ఎల్జియార్ తాపీగా పేకముక్కలు సర్దుకుంటూ ఉన్నాడట. ఆ కబురు ఆస్ట్రూక్ చెవిన పడింది.

ఒడిల్‌కి మాత్రం ఆ సంగతి తెలియదు. ఆమెకి తెలిసింది సోమవారం, ఆమ్లెట్ దగ్గర.

అంతకు ముందురోజు ఆమె భర్త ఫిర్మాన్ ఓక్ చెట్ల కింద తవ్వి, సీజన్ ఆఖరి ట్రఫుల్ ఒకటి తెచ్చాడు. మట్టిలోపల పెరిగే ఆ నల్ల గడ్డకి ఖరీదంతా వాసనదే, పిడికిలంత ఉంది. ఒడిల్ దాన్ని గుడ్లతో కలిపి మూతపెట్టిన జాడీలో రాత్రంతా ఉంచింది. పొద్దున మూత తీస్తే ఇల్లంతా గుప్పుమంది. పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టి, "మా ఇంట్లో ఉల్లిపాయలు తిని చావమంటావా తల్లీ?" అని నిట్టూర్చి పోయింది. అలాంటి ఆమ్లెట్ ఎల్జియార్ ముందు పెడితే ఆయన వంచిన తల ఎత్తకుండా తిని, రొట్టెముక్కతో పళ్ళెం తుడిచి అన్నాడు.

"ఉప్పు సరిపోయింది. పుట్టగొడుగులెక్కడివి ఈ చలిలో?"

ఒడిల్ చేతిలో గరిటె ఆగిపోయింది. ఏటేటా వీధి మలుపులోనే వాసన పట్టి, "ఎవరక్కడ, నా వాటా ఉంచండి!" అని అరుచుకుంటూ వచ్చే మనిషి ఈయన. ఆమె చప్పుడు కాకుండా అలమారు దగ్గరికి వెళ్ళింది. పొయ్యి అంటించే స్పిరిట్ సీసా తీసి, బిరడా లాగి, వెనకనుంచి ఆయన భుజం పక్కన పట్టుకుంది. ఆమె కళ్ళే మండుతున్నాయి. ఆయన రొట్టె నములుతూనే ఉన్నాడు.

కాసేపటికి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"బిరడా పెట్టెయ్. గోడమీద నీడ కనిపిస్తోంది."

ఒడిల్ బిరడా పెట్టింది. అది సరిగ్గా కూర్చోలేదు, రెండోసారి నొక్కింది.

"ఎప్పట్నించి, మావయ్యా?"

"క్రిస్మస్ వెళ్ళాక జ్వరమొచ్చిందే, అది పోతూ పోతూ పట్టుకుపోయింది."

"తిరిగొస్తుందేమో..."

"పోయిన దూడ అనుకున్నావా, సాయంత్రానికి ఇంటికి రావడానికి?"

"ఆయనకి చెప్పారా?"

"నీ మొగుడికా? చెబితే గురువారం దాకా ఎందుకు, ఇవాళే ట్యాంకర్‌ని పిలుస్తాడు. తోటలో పని ఎంతైనా చేస్తాడు వాడు, కాదనను. కానీ నోట్లో ఆ సిగరెట్టు ఉన్నంతకాలం వాడికి వైనూ వంకాయపులుసూ ఒకటే." పళ్ళెం పక్కకి నెట్టాడు. "నువ్వు చెప్పవు."

అది అడిగినట్టు లేదు. ఆజ్ఞలాగానూ లేదు. ఆయన కత్తి మడిచి జేబులో పెట్టుకోబోతే అది జేబు అంచుకి తగిలి కిందపడింది. ఒడిల్ వంగి తీసి ఇచ్చింది.

"మరి ఎలా కలుపుతారు?"

"నిరుడు కలిపినట్టే. కొలతలు గుర్తున్నాయి."

"నిరుడు కోతలప్పుడు వాన పడింది. ఈసారి చుక్క పడలేదు. ఏ ఏటి వైన్ ఆ ఏటిదే అని భోజనాల దగ్గర మీరేగా అందరికీ పాఠం చెబుతారు."

ఎల్జియార్ మొహం ఎర్రబడింది. తన మాటలే తనకి వడ్డిస్తే ఎవరికి మింగుడుపడుతుంది? లేచి టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఉండగా వెనకనుంచి ఒడిల్ అంది.

"గురువారానికి మాంసం నానబెట్టాలి. కూరకి వైన్ కావాలి. మూడు రకాలూ విడివిడిగా తెండి, మావయ్యా."

 ఆయన తలుపు గట్టిగా వేసుకుని వెళ్ళాడు. ఆ ఇంట్లో ఎప్పుడూ కూరకి అడుగున మిగిలిన మడ్డి వైనే ఇస్తారు. తొట్టిలోంచి తీసి, అదీ విడివిడిగా తెమ్మంటే, దాని అర్థం ఏమిటో ఇద్దరికీ తెలుసు.

మర్నాడు ఫిర్మాన్ తీగలు కట్టడానికి తోటకి వెళ్ళాక, ఎల్జియార్ మూడు కూజాలు గుడ్డ కప్పి తెచ్చి వంటింటి బల్లమీద పెట్టాడు. దొంగసొమ్ము దించుకున్నవాడిలా కిటికీ రెక్క దగ్గరికి లాగాడు.

"కూరకే," అన్నాడు, వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా.

ఒడిల్ గుడ్డ తీసి మొదటి కూజా మీదకి వంగింది. ఆమెకి నేలమాళిగ భాష రాదు. తనకి తెలిసిన వస్తువుల పేర్లే చెప్పింది.

"ఇది ఎండబెట్టిన రేగుపళ్ళ డబ్బా మూత తీసినట్టుంది. పొయ్యి పక్కన పెట్టిన చెర్రీ మురబ్బా."

"గ్రెనాష్. ఊఁ."

"ఇది మిరియాలు. ఆలివ్ ఊరగాయ జాడీ. కొత్త తోలు చెప్పులు."

"సీరా. తర్వాత?"

మూడో కూజా దగ్గర ఆమె వెనక్కి జరిగింది. మళ్ళీ వంగి చూసింది. తలెత్తి మామగారి మొహంకేసి చూసి, చూపు తిప్పుకుంది.

"ఏం?"

"కుళ్ళిన గుడ్డు, మావయ్యా."

"మూర్వెద్ర్ కొత్తలో కొంచెం పశువుల కొట్టంలా ఉంటుంది. దాన్ని అలాగే..."

"పశువుల కొట్టం నాకు తెలుసు. ఇది గుడ్డు. కోడి పొదగకుండా వదిలేసిన గుడ్డు."

ఎల్జియార్ కూజా లాక్కుని ముక్కు దాంట్లో పెట్టాడు. గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఆయన గుండెల నిండా గాలి తప్ప ఏమీ రాలేదు. ఓ గుక్క నోట్లో పోసుకుని, నాలికతో అటూ ఇటూ తిప్పి మింగాడు.

"పులుపు సరిగ్గా ఉంది. గరుకు సరిగ్గా ఉంది. బరువు..." ఆగాడు. "నువ్వు నన్ను ఆట పట్టించడం లేదు కదా? ఆ కూజాడు వైన్ పారబోసినందుకు?"

 పొయ్యిమీద నీళ్ళు మరుగుతున్నాయి. ఒడిల్ పాత కోపాన్ని తీర్చుకోవాలనుకుంటే అంతకన్నా మంచి అదను దొరకదు. వైన్ బాగుందని ఒక్క మాట అంటే చాలు. గురువారం ఆస్ట్రూక్ ఎదురుగా ఆ కంపంతా ఈయన పేరు మీద పైకి లేస్తుంది.

"అప్పుడు నాకు ఏడుపొచ్చింది," అంది. "ఇప్పుడు రావట్లేదు. ఇది గుడ్డే."

ఆయన బల్లమీద వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"నీ మురబ్బా వండే రాగి గిన్నె తీసుకురా. కూజాలోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి కూజాలోకి, ఎత్తునుంచి పొయ్యి. ఆ కంపు పోవాలంటే గాలీ రాగీ తగలాలి. ఆగకుండా పొయ్యి."

ఆమె పోసింది. మోచేతులు నొప్పెట్టేదాకా పోసింది. వైన్ గిన్నెలో నురగ కడుతోంది. ఎల్జియార్ కళ్ళు వైన్ మీద లేవు. ఆమె ముక్కుపుటాల మీదే ఉన్నాయి. వైద్యుడు నాడి చూస్తుంటే రోగి ఆయన మొహం చూసినట్టు చూస్తున్నాడు.

"పోతోంది," అంది. ఇంకాసేపు పోసి, "పోయింది. ఇప్పుడు... తడిసిన నేల. నల్ల రేగుపళ్ళు. వేటాడి తెచ్చిన పిట్ట ఈకలు."

ఎల్జియార్ ఊపిరి వదిలాడు. "అదే మూర్వెద్ర్," అన్నాడు. ఆయన గొంతు పాత స్నేహితుడి పేరు విన్నవాడిలా ఉంది.

అయితే తొట్టి మొత్తం అలా కంపుకొడుతోందన్నమాట. అంతా బయటికి తోడి, గాలి తగిలించి, మళ్ళీ నింపాలి. పొరపాటుంటే, కంపు లేని వైన్‌కి అంత గాలి తగిలిస్తే చచ్చి చప్పబడుతుంది. కోడలి మాట ఒక్కటే ఆధారం. ఆ సాయంత్రం తొట్టి కింద కొళాయి తిప్పేముందు ఆయన చెయ్యి దానిమీద పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడట. పంపు తిప్పడానికి వచ్చిన ఫిర్మాన్ విసుక్కున్నాడు.

"ఇప్పుడెందుకు నాన్నా ఇదంతా? రెండ్రోజుల్లో దళారీ వస్తున్నాడు."

"గాలి తగలాలి."

"ఎవరన్నారు?"

"వైన్ అంది. తిప్పరా."

పంపు పడమటి గోడ దగ్గర మూలిగింది. రాగి పళ్ళేల మీంచి వైన్ ధారగా జారింది. ఒడిల్ పైమెట్టు దగ్గర ఖాళీ బుట్ట పట్టుకుని నిలబడింది. మెట్లెక్కి వచ్చే గాలిని చిన్నగా పీలుస్తోంది. ఎల్జియార్ కింద నుంచి చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, ఇంకా ఉందని. "తిప్పు," అన్నాడాయన కొడుకుతో. ఫిర్మాన్ భుజాలు పట్టేశాయి. చివరికి ఆమె తల నిలువుగా ఊపి వెళ్ళిపోయింది. "చాలు," అన్నాడాయన.

"ఇది కూడా వైనే అందా?" అన్నాడు ఫిర్మాన్ చొక్కాతో మెడ తుడుచుకుంటూ.

బుధవారం మూడు కూజాలూ మళ్ళీ బల్ల మీదకి వచ్చాయి. ఈసారి కొట్లాట మొదలైంది తిండి దగ్గర. ఎల్జియార్ వైన్‌ని ఎప్పుడూ ఖాళీ కడుపుతో, చలిలో, నిలబడి చూసేవాడు. నోట్లో పోసుకుని, ఉమ్మి, ఇంకోటి. ఒడిల్ బల్లమీద పళ్ళేలు పరిచింది. నల్ల ఆలివ్‌లు నూరిన పచ్చడి, మేకపాల ఎండు చీజ్, వెల్లుల్లీ తైమ్ ఆకూ పెట్టి కాల్చిన గొర్రె తొడ, నారింజ తొక్కతో పొద్దుటినుంచీ ఉడుకుతున్న ఎద్దు మాంసం కూర.

"ఇదేమిటి, పెళ్ళా? చీజ్ తీసెయ్. చీజ్‌తో తాగితే గుర్రపు ఉచ్చ కూడా బాగుంటుంది. అమ్మేవాళ్ళు పెడతారు అది."

"చీజ్ తీసేస్తాను. మాంసం ఉంటుంది. తాగేవాళ్ళు మాంసంతోనే తాగుతారు. చీకట్లో నిలబడి ఉమ్మేవాళ్ళు కాదుగా కొనేది."

"మా నాన్న..."

"మీ నాన్నగారి ముక్కు మీ దగ్గర లేదిప్పుడు," అంది ఒడిల్. అనేసి, తనే బిత్తరపోయింది.

ఎల్జియార్ ఆమెకేసి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, మెడలో రుమాలు దోపుకున్నాడు.

కొలతకి గుడ్డు పెట్టుకునే చిన్న గిన్నె వాడారు. ఆమె పోసేది, వాసన చూసి చెప్పేది. ఆయన నాలికతో తూచేవాడు. సీరా ఎక్కువ పోసిన గ్లాసు ఒంటరిగా దర్జాగా ఉంది, మాంసం కూర తగలగానే చేదెక్కి పళ్ళకి పట్టుకుంది. గ్రెనాష్ ఎక్కువైనది గొర్రెమాంసంతో హాయిగా జారిపోయింది, రెండో గుక్కకి గొంతులో సెగ రేగింది. "వేడి," అన్నాడాయన. "మత్తు వాసనే ముందొస్తోంది," అందామె. మూర్వెద్ర్ కాస్త పెంచారు. కాస్త అంటే గిన్నె అంచు తడిసేంత. మళ్ళీ కూర ముద్ద, మళ్ళీ గుక్క. మధ్యలో వీధి తలుపు చప్పుడైతే ఒడిల్ గ్లాసులన్నీ కూరలో కుమ్మరించబోయింది. గాలికి కొట్టుకున్న తలుపు అది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ నవ్వలేదు.

పొద్దు వాలేవేళకి ఒక గ్లాసు దగ్గర ఆమె ఏమీ అనలేదు. కూర తింది, తాగింది, రొట్టెముక్క తుంచుకుంది. మళ్ళీ తాగింది.

"చెప్పు."

"చెప్పడానికేం లేదు. కూర ఏదో వైన్ ఏదో తెలియట్లేదు."

ఎల్జియార్ రుచి చూశాడు. నాలిక మీద గరుకు ముందొచ్చి, తర్వాత మెత్తబడి, మాంసం కొవ్వుని తుడుచుకుంటూ పోయింది. పొడవుగా నిలిచింది. మిగతాది ఆయనకి అందలేదు, అందదు కూడా. గ్లాసు కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదే," అన్నాడు. ఆ కొలతతో ఒక పెద్ద సీసాడు కలిపి గురువారానికి పక్కన పెట్టారు.

గురువారం బల్ల దగ్గర మేం నలుగురు మగవాళ్ళం. తలాపున ఎల్జియార్, ఎదురుగా ఆస్ట్రూక్, పక్కన ఫిర్మాన్, ఈ చివర నేను. వైన్ పేరుతో పోతే కొత్త పీపాలు నా దగ్గరే చేయించుకోవాలి, ట్యాంకర్‌కి పోతే నా పీపాల్లో పిల్లులు పిల్లల్ని పెట్టుకోవాలి. అందుకే నా చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. ఒడిల్ వడ్డిస్తోంది. మా ఇళ్ళల్లో అలాంటి రోజున ఆడవాళ్ళు కూర్చోరు.

ఆస్ట్రూక్ సన్నటి మనిషి. మెల్లిగా మాట్లాడతాడు, రెప్ప వెయ్యడు. ఎల్జియార్ తన సీసా ముందుకు జరపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీదానికి తొందరేముంది, రూమియూ గారూ. ముందు నాది రుచి చూడండి. మీలాంటి ముక్కు ఇంకెక్కడుంది?" అంటూ సంచిలోంచి వార్తాకాగితంలో చుట్టిన సీసా తీశాడు. ముందే బిరడా తీసి తెచ్చాడు. ఒడిల్ గ్లాసులు తెచ్చింది. ఆమె చేతికే సీసా ఇచ్చి పొయ్యమన్నాడు. "ఏమిటో, ఎలా ఉందో, ఒక్క మాట చెప్పండి చాలు," అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు అర్థం కాలేదు. ముందు వాసన చూసేవాడు ఎల్జియారే కావాలి, కానీ నాకు ఆగే అలవాటు లేదు. గ్లాసెత్తి ఒక్క గుటక వేశాను.

"ఆహా!" అన్నాను. "రాజులు తాగాల్సింది! తూర్పు వాలు, రాతినేల, ముసలి తీగలు. ఎండాకాలపు పూలతోట వాసన!"

తర్వాత తెలిసింది. అది కొండవాలుది కాదు, సముద్రం పక్క ఇసుకనేలది. బిరడాకి బూజుపట్టి, తడిసిన అట్టపెట్టె కంపు కొడుతోంది. ఆస్ట్రూక్ ఏరి ఏరి తెచ్చిన పాడు సీసా. మొదట్లో నా ముక్కు గురించి ఏదో చెప్పాను చూడండి, అది మీరు పట్టించుకోకండి. నది అవతల బిరడా సంగతి కూడా.

నేను పొగిడాక ఎల్జియార్‌కి దారి మూసుకుపోయింది. బాగుందంటే ఆస్ట్రూక్ చేతికి చిక్కినట్టు. బాగాలేదంటే ఏం బాగాలేదో చెప్పాలి. ఆయన గ్లాసు కాడ పట్టుకుని గుండ్రంగా తిప్పుతున్నాడు. బల్లగుడ్డ మీద గ్లాసు అడుగు చేసే చప్పుడు వినిపిస్తోంది. ఫిర్మాన్ తండ్రికేసి, దళారీకేసి చూస్తున్నాడు. ఆస్ట్రూక్ రెప్ప వెయ్యలేదు.

ఒడిల్ వంటింట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చి, మామగారి గ్లాసు పక్కన ఒక పళ్ళెం పెట్టింది. లేత ఆర్టిచోక్‌లు. ఊదారంగు ముళ్ళమొగ్గలు, నాలుగు ముక్కలుగా కోసి, నూనే ఉప్పూ వేసి, పచ్చివి.

నా నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. మీకు తెలియకపోవచ్చు, ఆర్టిచోక్ తిన్న నోటికి ఎంత మంచి ఎర్ర వైనైనా తుప్పు మేకు నాకినట్టు ఉంటుంది. అవి మేం నీళ్ళతో తింటాం, రాత్రిపూట, ఇంట్లోవాళ్ళమే ఉన్నప్పుడు. ఒకరి ఎర్ర వైన్ బల్లమీద ఉండగా ఆర్టిచోక్ తెచ్చి పెట్టడమంటే, 'ఈ వైన్‌కి ఇంతకన్నా పాడవడానికి ఏం మిగల్లేదు' అని వాళ్ళ మొహం మీద చెప్పడమే. నా జన్మలో ఎవరూ అలా పెట్టగా చూడలేదు. ఒక ఆడమనిషి, దళారీ వైన్‌కి!

"నీకేమైనా పిచ్చెక్కిందా?" ఫిర్మాన్ లేచాడు. "తియ్యి అవతలికి!"

ఒడిల్ తియ్యలేదు. చేతులు నడుం గుడ్డకి తుడుచుకుంటూ అక్కడే నిలబడింది. మెడమీద ఎరుపు చెవులదాకా పాకింది.

ఎల్జియార్ పళ్ళెంకేసి చూశాడు. తర్వాత గ్లాసు కింద పెట్టాడు.

"నీ సీసా చెడింది, ఆస్ట్రూక్."

"మీరింకా వాసనే చూడలేదే," అన్నాడు ఆస్ట్రూక్ మెత్తగా.

"చూడటం అయింది."

"ఎవరు చూశారు?"

 ఎల్జియార్ అక్కడితో ఆగిపోవచ్చు. 'రంగు చూస్తే తెలియట్లా?' అని దబాయించొచ్చు. దబాయించడంలో ఆయన్ని మించినవాడు ఊళ్ళో లేడు. నేను అదే వస్తుందని ఎదురుచూశాను.

"మా కోడలు," అన్నాడు. "నా ముక్కు పోయింది. నువ్వు తెలుసుకుందామని వచ్చింది అదేగా? పోయింది. నాలిక నాది, ముక్కు ఆవిడది. ఈ ఏటి వైన్ ఇద్దరం కలిపాం."

ఫిర్మాన్ కుర్చీలో కూలబడ్డాడు. "ఆ తొట్టి తోడటం... ఆ పంపు..." అని భార్యకేసి చూశాడు. ఆమె చూపు నేలమీద ఉంది.

"ఆడమనిషిని నేలమాళిగలోకి దించారా?" అన్నాడు ఆస్ట్రూక్. మొదటిసారి రెప్ప వేశాడు.

"లేదు. నేలమాళిగే వంటింట్లోకి వచ్చింది."

ఆస్ట్రూక్ కోటు జేబులోంచి ఆపిల్ తీశాడు. కొనేవాళ్ళు ఆపిల్ కొరికి తాగుతారు, వైన్‌లో ఉన్న లోపమంతా నాలిక మీద నగ్నంగా నిలబడుతుంది. ఒక ముక్క కోసుకుని నమిలాడు. రూమియూ సీసా తనే వంచుకున్నాడు. వాసన చూశాడు, తాగాడు. మొహం గోడలా ఉంది. ఇంకో ఆపిల్ ముక్క, ఇంకో గుక్క. ఒడిల్ వేళ్ళు నడుం గుడ్డని ముడి వేస్తున్నాయి, విప్పుతున్నాయి.

"కూర పెట్టమ్మా," అన్నాడు చివరికి.

ఆమె ఆర్టిచోక్ పళ్ళెం తీసి, మాంసం కూర పెట్టింది. ఆయన తిన్నాడు. మాట్లాడకుండా తిన్నాడు. రొట్టెతో అడుగు తుడిచాడు. మళ్ళీ కూర కోసం పళ్ళెం జరిపాడు. మాట్లాడకుండానే సీసా అందుకుని గ్లాసు నింపుకున్నాడు, కాసేపటికి మళ్ళీ నింపుకున్నాడు. రుచి చూసేవాడు ఉమ్మాలి. ఆయన ఒక్క చుక్క ఉమ్మలేదు. ఆ సంగతి ఆయనకే ఆలస్యంగా తెలిసింది. చేతిలో ఖాళీ గ్లాసుని అదేదో తనది కానట్టు చూసి, కింద పెట్టాడు.

కారు దగ్గరికి వెళ్ళి తలుపు తీసి, లోపలికి ఎక్కకుండా నిలబడ్డాడు.

"ట్యాంకర్ పంపను," అన్నాడు ఎల్జియార్‌తో. "పీపాలు కడిగించుకోండి." తర్వాత ఒడిల్‌వైపు తిరిగాడు. "ఆ ముళ్ళమొగ్గలు మాత్రం నాకు ఇంకెప్పుడూ వడ్డించకు తల్లీ. ఇంతమందిలో నన్నెవరూ ఇంత మాటనలేదు."

"నేనేం అనలేదండీ," అంది ఒడిల్.

"అదే మరి," అని ఆయన కారెక్కాడు.

మర్నాడు పొద్దున్నే మూడు తొట్లూ కలపాలి. నేను పీపాలు కొలుచుకోవడానికి వెళ్ళాను. ఫిర్మాన్ కింద పంపు దగ్గర గొట్టం బిగిస్తున్నాడు. ఎల్జియార్ లాంతరు పట్టుకుని పైమెట్టు దగ్గర నిలబడ్డాడు. ఒడిల్ బుట్ట తెచ్చి, అలవాటు ప్రకారం మెట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగింది.

"అమ్మాయ్," అన్నాడాయన.

ఆమె ఆగింది.

"దిగమ్మా. ఇన్నేళ్ళూ ఈ వైన్‌ని చీకట్లో ఉంచింది నేలమాళిగ కాదు, నేనే."

ఒడిల్ గౌను అంచు చేత్తో పట్టుకుని మెట్టు దిగింది.

ఇప్పుడు ఒక సంగతి ఒప్పుకోవాలి. మిగతాదంతా జరిగినట్టే చెప్పాను, ఆ ఆఖరి మాట మాత్రం నేను కల్పించింది. ఎల్జియార్ రూమియూ నోటివెంట అలాంటి మాట పుట్టాక రాలేదు, పోయేదాకా కూడా రాలేదు. ఆయన చేసిందల్లా లాంతరుని ఆమె కాళ్ళకి వెలుగు పడేలా కిందకి దించి పట్టుకోవడం. అన్న మాట కూడా ఒక్కటే.

"కింద తడిగా ఉంటుంది, చూసుకో."